బడిలో పచ్చని నేల కూడా చదువు హక్కే

పిల్లల్ని బడిలో చేర్పించే ముందు మన కుటుంబాలు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఫీజు ఎంత? ఉర్దూ మాధ్యమమా, ఇంగ్లీషు మాధ్యమమా? దీనియాత్ బోధిస్తారా? ఆటో ఇంటిదాకా వస్తుందా? ఆడపిల్లలకు భద్రత ఉందా? ఇవన్నీ న్యాయమైన ప్రశ్నలే. కానీ ఆ బడిలో పిల్లల కాళ్లకు మట్టి తగులుతుందా, చెట్టు నీడన కూర్చొని పాఠం వినే వీలుందా, నాటిన విత్తనం మొలకెత్తడాన్ని వాళ్లు తమ కళ్లతో చూడగలరా అన్న ప్రశ్నలను మనం అడగం. అడగాలన్న ఆలోచన కూడా రాదు. ఇరుకు బస్తీల్లో తరతరాలుగా బతుకుతున్న వారికి ఖాళీ నేల ఒక విలాసంగా కనిపించడంలో వింత లేదు. అయితే ఆ నేల చదువులో భాగమని మేము భావిస్తున్నాము. దానిని ప్రభుత్వం నుంచి ఎంత గట్టిగా అడగాలో, మన సొంత విద్యాసంస్థల నుంచి కూడా అంతే గట్టిగా అడగాలని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బడి తోట అంటే ఏమిటి?

బడి తోట అనగానే గేటు పక్కన వరుసగా పేర్చిన పూలకుండీలు, పచ్చిక మీద నడవరాదన్న బోర్డు గుర్తుకు రావచ్చు. అవి అతిథుల కోసం చేసే అలంకారాలు. మేము కోరుతున్నది పిల్లలు చేయి పెట్టగలిగే నేల. తవ్వుకోవడానికి నాలుగు మళ్లు, నీడకు ఒక వేప చెట్టో కానుగ చెట్టో, కంచెగా గోరింట పొదలు, పక్షులకు ఒక నీటి తొట్టి, రాలిన ఆకులను ఎరువుగా మార్చుకునే గుంట, కూర్చొని రాసుకోవడానికి ఒక అరుగు. స్థలం పాతిక గజాలే ఉన్నా వీటిలో సగమైనా సాధ్యమవుతాయి. విస్తీర్ణం కన్నా ముఖ్యమైనది అక్కడ పిల్లలకు ఉండే స్వేచ్ఛ. తాకవచ్చు, తవ్వవచ్చు, లెక్కించవచ్చు, ఎండిపోతే ఎందుకు ఎండిందో ఆలోచించి మళ్లీ నాటవచ్చు.

అలాంటి చోట ఏమి నేర్చుకుంటారన్నది ఊహకు వదిలేయకుండా కొన్ని ఉదాహరణలు చెబుతాము.

సీతాకోకచిలుక జీవిత దశలను మన పిల్లలు గుడ్డు, గొంగళిపురుగు, ప్యూపా, సీతాకోకచిలుక అని వల్లిస్తారు. పరీక్షలో బొమ్మ కూడా గీస్తారు. బడి ఆవరణలో ఒక కరివేపాకు చెట్టో నిమ్మ చెట్టో ఉంటే ఆ నాలుగు దశలూ సుమారు నెల రోజుల్లో వాళ్ల కళ్లముందే నడుస్తాయి. ఆ ఆకుల మీద గుడ్లు పెట్టే సీతాకోకచిలుకలు మన ఊళ్లలో సాధారణంగా కనిపించేవే. వాటి పిల్లపురుగు మొదట పక్షి రెట్టలా ఉంటుంది. పెరిగాక ఆకుపచ్చగా మారి ఆకులో కలిసిపోతుంది. తాకితే తల వెనుక నుంచి రంగు కొమ్ముల వంటి అవయవాన్ని చాచి ఘాటైన వాసన వదులుతుంది. శత్రువు నుంచి ప్రాణి తనను తాను ఎలా కాపాడుకుంటుందన్న పాఠాన్ని ఒకసారి ఇలా చూసిన పిల్లవాడికి మళ్లీ చెప్పనక్కరలేదు.

వర్షపాతం మరో ఉదాహరణ. పత్రికల్లో మిల్లీమీటర్లు అన్న మాట రోజూ వస్తుంది. అడుగు భాగం నుంచి పైదాకా ఒకే వెడల్పు ఉన్న సీసాను ఆరుబయట పెట్టి, స్కేలుతో నీటి ఎత్తు కొలిస్తే చాలు, అది వర్షమాపకం అవుతుంది. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది ఒక లీటరు నీటితో సమానం. హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. అంటే 100 చదరపు మీటర్ల బడి డాబా మీద ఏటా దాదాపు 80 వేల లీటర్ల నీరు పడి కాలువ పాలవుతోంది. ఈ లెక్క చేసిన ఏడో తరగతి అమ్మాయి ట్యాంకర్ కోసం బిందెలతో వరుసలో నిలబడిన తన తల్లి గురించి తప్పకుండా ఆలోచిస్తుంది. గణితం, సైన్సు, పౌరశాస్త్రం ఆ సీసాలో కలుస్తాయి.

మూడో ఉదాహరణ మన కుటుంబాలకు మరింత దగ్గరిది. ఆవరణలో ఒక నిటారు కర్ర పాతి, గంటగంటకూ దాని నీడ కొసన ఒక రాయి పెడితే సూర్యుడి నడక నేల మీద గీతగా కనిపిస్తుంది. నీడ అన్నింటికన్నా పొట్టిగా ఉన్న క్షణమే అసలైన మధ్యాహ్నం. సూర్యుడు ఆ స్థానం నుంచి వాలినప్పుడు జుహర్ సమయం మొదలవుతుంది. అసర్ సమయాన్ని కూడా వస్తువు పొడవుకూ దాని నీడకూ ఉన్న నిష్పత్తితోనే నిర్ణయిస్తారు. మన పిల్లలకు నమాజు వేళలు గోడ మీద కేలండరులోనో ఫోనులోనో మాత్రమే తెలుసు. ఆ అంకెల వెనుక ఉన్న ఖగోళ శాస్త్రం వారికి తెలియదు. 14వ శతాబ్దంలో డమాస్కస్ ఉమయ్యద్ మసీదులో సమయ నిర్ణేతగా పనిచేసిన ఇబ్న్ అల్ షాతిర్, ఆ మసీదు మినారు కోసం 1371లో రూపొందించిన నీడ గడియారం శాస్త్ర చరిత్రలో పేరొందింది. ఆ విద్యకు తొలి మెట్టు బడి ఆవరణలో పాతిన ఒక కర్రే. హైదరాబాదు అక్షాంశం వద్ద మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు తొలి వారంలో మరోసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి నిటారు కర్రకు నీడే లేకుండా పోతుంది. ఆగస్టులో బడులు తెరిచే ఉంటాయి. ఆ రోజు ఆ వింతను చూడటానికి కావలసింది ఆకాశం కనిపించే జానెడు నేల.

చట్టం ఏమి చెబుతోంది?

ఇదంతా మంచి ఉపాధ్యాయుల దయ మీద ఆధారపడిన విషయమని అనుకోనక్కరలేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్, పిల్లలు పనుల ద్వారా, అన్వేషణ ద్వారా, స్వయంగా కనుగొనడం ద్వారా నేర్చుకోవాలని నిర్దేశిస్తోంది. అదే చట్టం షెడ్యూలు ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంటోంది. సుప్రీంకోర్టు 1991 నవంబరులో ఎం.సి. మెహతా కేసులో పర్యావరణాన్ని విద్యాసంస్థల్లో తప్పనిసరి పాఠ్యాంశంగా చేయాలని ఆదేశించింది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం బడి గోడల బయటి జీవితంతో చదువును కలపాలని కోరింది. 2020 జాతీయ విద్యా విధానం అనుభవపూర్వక అభ్యసనాన్ని అన్ని దశల్లోనూ ఉండవలసిన పద్ధతిగా చెప్పింది. మధ్యాహ్న భోజన పథకంలో భాగంగా బడుల్లో పోషకాహార తోటలు పెంచాలని కేంద్ర మానవ వనరుల మంత్రిత్వ శాఖ 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. స్థలం లేని పట్టణ బడులు కుండీల్లో, డబ్బాల్లో, డాబాల మీద పెంచవచ్చని కూడా వాటిలో ఉంది. పర్యావరణ శాఖ 2001-02 నుంచి నడుపుతున్న నేషనల్ గ్రీన్ కోర్ కింద బడుల్లో ఎకో క్లబ్బులు ఉండాలి.

కాగితం మీద ఇంత ఉన్నప్పటికీ నేల మీద కనిపించేది వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన నాడు–నేడు, తెలంగాణలో 2022లో మొదలైన మన ఊరు–మన బడి పథకాలు బడులకు మరుగుదొడ్లు, తాగునీరు, బల్లలు, రంగులు, ప్రహరీలు సమకూర్చడానికి ఉద్దేశించినవి. అవి అవసరమే. కానీ వాటిలో ప్రధాన స్థానం కట్టడాలకే దక్కింది. ఆవరణను పాఠం చెప్పే చోటుగా తీర్చిదిద్దాలన్న దృష్టి అధికారుల అంచనా పత్రాల్లోకి రాలేదు. మట్టి మిగిలిన చోట కూడా దానిని సిమెంటుతో కప్పివేయడమే అభివృద్ధి అనిపించుకుంటోంది.

నష్టం ఎవరికి ఎక్కువ?

ఈ లోటు అందరికీ ఒకేలా లేదు. ఊరి బడి పిల్లవాడికి బడిలో తోట లేకపోయినా దారిలో పొలం ఉంటుంది, చెరువు ఉంటుంది. ఖరీదైన కార్పొరేటు బడి పిల్లవాడికి ఎకరాల ఆవరణ, పచ్చిక మైదానం ఉంటాయి. హైదరాబాదు పాతబస్తీలో, కర్నూలు, కడప, గుంటూరు వంటి పట్టణాల పాత మొహల్లాల్లో పెరిగే పిల్లలకు ఇంటి దగ్గరా లేదు, బడి దగ్గరా లేదు. నివాసం కోసం కట్టిన మూడంతస్తుల ఇల్లే వాళ్ల బడి. ప్రభుత్వ ఉర్దూ బడి అయితే ఒకే భవనంలో రెండు మూడు బడులు సర్దుకుంటున్న చోట్లు ఉన్నాయి. విరామంలో పిల్లలు మెట్ల మీద నిలబడి డబ్బా తెరుచుకుంటారు.

తెలంగాణలో 2016లో ప్రారంభమైన మైనారిటీ గురుకులాల సంఖ్య 204కు చేరింది. వేలాది పేద కుటుంబాలకు అవి ఆశ కలిగించాయి. కానీ వాటిలో చాలా వరకు అద్దె భవనాల్లో నడుస్తున్నాయి. అక్కడి పిల్లలు సాయంత్రం ఇంటికి వెళ్లరు. పదేళ్ల వయసులో చేరిన పిల్లవాడి బాల్యం ఏడాదిలో చాలా నెలలు ఆ గోడల మధ్యే గడుస్తుంది. మామూలు బడికి తోట అవసరమైతే, గురుకులానికి అది రెట్టింపు అవసరం.

ఆడపిల్లల సంగతి మరింత ఆలోచించవలసినది. మగపిల్లలకు గల్లీలో క్రికెట్ అయినా ఉంది. పదేళ్లు దాటిన అమ్మాయికి గల్లీ లేదు, పార్కు లేదు, చాలా ఇళ్లలో డాబా కూడా లేదు. ఆమె ఆకాశం కింద నిర్భయంగా నడవగలిగే ఏకైక చోటు బడి ఆవరణ. అది కూడా లేకపోతే ఆమె ఒక గదిలోంచి మరో గదిలోకి మాత్రమే వెళుతుంది.

ఇది ఆరోగ్య సమస్య కూడా. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 12 ప్రాథమిక బడుల్లో జరిగిన ఒక పరిశోధన ఫలితాలు 2015లో వెలువడ్డాయి. సగం బడుల్లో ఒకటో తరగతి పిల్లలకు రోజుకు 40 నిమిషాల ఆరుబయలు తరగతిని అదనంగా చేర్చారు. మూడేళ్ల తర్వాత చూస్తే హ్రస్వదృష్టి, అంటే దూరపు చూపు మందగించడం, ఆ పిల్లల్లో 30.4 శాతం మందికి వచ్చింది. మామూలు బడుల్లో అది 39.5 శాతంగా ఉంది. నల్లబల్ల కనిపించక వెనుకబడిపోతున్న పిల్లలకు కళ్లద్దాలు కొనివ్వడం కష్టమైన కుటుంబాలు మన మధ్య ఎన్ని ఉన్నాయో పాఠకులకు తెలుసు.

ముస్లిం పిల్లల్లో 6 నుంచి 14 ఏళ్ల మధ్య వారిలో నాలుగో వంతు మంది బడి మొహం చూడనివారో మధ్యలో మానేసినవారో అని 2006లో సచార్ కమిటీ చెప్పింది. ఆ తర్వాత మన పోరాటమంతా పిల్లల్ని బడికి చేర్చడం మీదే సాగింది, సాగవలసిందే. అయితే చేరిన పిల్లవాడు బడిలో నిలవాలంటే అక్కడ అతడిని పిలిచేది ఏదో ఉండాలి. తాను నాటిన చిక్కుడు పాదు పూత పట్టిందో లేదో చూడాలన్న ఆత్రుత చిన్నదేమీ కాదు.

ఇది మనకు కొత్త కాదు

బడి తోట పైనుంచి దిగివచ్చిన ఫ్యాషన్ అని కొందరు అనవచ్చు. 1937లో వార్ధాలో జరిగిన విద్యా సదస్సు తర్వాత మౌలిక విద్యకు పాఠ్యప్రణాళిక తయారుచేసిన కమిటీకి అధ్యక్షుడు డాక్టర్ జాకిర్ హుస్సేన్. 1897లో హైదరాబాదులో పుట్టిన ఆయన జామియా మిల్లియాను రెండు దశాబ్దాలకు పైగా నడిపించి, 1967లో రాష్ట్రపతి అయ్యారు. చేతిపనిని చదువుకు కేంద్రంగా నిలిపిన ఆ ప్రణాళికలో వ్యవసాయానికి, ప్రకృతి పరిశీలనకు చోటు ఉంది. ఆయన స్వయంగా గులాబీల ప్రేమికుడు. చండీగఢ్‌లోని ప్రసిద్ధ గులాబీ తోటకు ఆయన పేరే పెట్టారు. ఆ విద్యా పథకంపై ఆనాడు ముస్లిం లీగ్ సహా పలువురు అభ్యంతరాలు తెలిపిన మాట నిజమే. కానీ చేతితో చేస్తూ నేర్చుకోవాలన్న ఆలోచనను మలచినవారిలో ముందువరుసన నిలిచినది మన విద్యావేత్తే అన్న సంగతిని మన బడులే మరిచిపోయాయి.

పక్షి శాస్త్రవేత్త సలీం అలీ కథ కూడా అంతే. 1896లో బొంబాయిలో పుట్టి, చిన్ననాడే తల్లిదండ్రులను కోల్పోయి మేనమామ ఇంట పెరిగిన ఆ పిల్లవాడు ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టాడు. దాని మెడ మీద పసుపు మచ్చ చూసి అదేమిటని అడిగాడు. ఇంట్లో ఎవరికీ తెలియక అతడిని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ విసుక్కోకుండా బీరువాలు తెరిచి దేశంలోని పక్షుల నమూనాలను చూపించాడు. ఆ ప్రశ్న నుంచే 1941లో వెలువడిన భారతదేశపు పక్షుల గ్రంథం దాకా ఒక జీవితం నడిచింది. 1931-32లో హైదరాబాదు సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేసినది కూడా ఆయనే. ఇందులో గమనించవలసినవి రెండు. పిల్లవాడికి పక్షి ఎదురుపడింది, అతడి ప్రశ్నను పట్టించుకున్న పెద్దమనిషి దొరికాడు. మన బడుల్లో ఈ రెండింటికీ చోటు ఎక్కడుంది?

మన సంస్థల బాధ్యత

ఇక్కడ ఒక చేదు నిజం మాట్లాడుకోవాలి. 2012 సవరణ మదరసాలను విద్యాహక్కు చట్టం పరిధి నుంచి తప్పించింది. 2014 మేలో ప్రమతి కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, 30వ అధికరణ కింద నడిచే మైనారిటీ బడులకు, ఎయిడెడ్ అయినా కాకపోయినా, ఆ చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పు సరైనదేనా అన్న సందేహాన్ని విస్తృత ధర్మాసనం పరిశీలనకు నివేదించింది. 30వ అధికరణ మనకు రాజ్యాంగం ఇచ్చిన రక్ష. దానిని బలహీనపరిచే ప్రతి ప్రయత్నాన్నీ ఎదుర్కోవాలన్నదే మా స్థిరమైన అభిప్రాయం. అయితే ఆ అధికరణ మన సంస్థలకు ఇచ్చినది తమ అభీష్టం ప్రకారం విద్యాసంస్థలను స్థాపించి నడుపుకునే హక్కు. ఆటస్థలం లేకుండా, గాలి వెలుతురు లేకుండా నడపడం మన అభీష్టం కాకూడదు. చట్టం అడగదు గనుక మేము పెట్టము అనే యాజమాన్యం ఆ హక్కును పిల్లలకు వ్యతిరేకంగా వాడుతున్నట్లే. చట్టం అడగకపోయినా మన బడులే ముందుండి చూపితే, 30వ అధికరణను ప్రశ్నించేవారికి అంతకన్నా మంచి జవాబు ఉండదు.

తక్కువ ఫీజుతో, అద్దె ఇంట్లో, నష్టాలకు ఓర్చి బడి నడుపుతున్నవారిని నిందించడం మా ఉద్దేశం కాదు. ప్రభుత్వం చేరని మొహల్లాల్లో ఆడపిల్లలకు అక్షరాలు నేర్పింది వాళ్లే. వాళ్లను ఎకరాలు కొనమని ఎవరూ అడగలేరు. కానీ నాలుగైదు బడులు కలిసి ఒక చోటును పంచుకోవచ్చు. చాలా పట్టణాల్లో ఈద్‌గా మైదానం ఏడాదిలో రెండు పండుగలకే నిండుతుంది. మిగిలిన రోజుల్లో ఖాళీ. పాత దర్గాల ఆవరణల్లో వయసు మళ్లిన వేపలు, చింతలు ఉంటాయి. మసీదు వెనుక కొన్ని గజాల నేల ఉంటుంది. ఆ స్థలాల పవిత్రతకు భంగం కలగకుండా, ముతవల్లి లేదా కమిటీ లిఖితపూర్వక అనుమతితో, అవసరమైన చోట వక్ఫ్ బోర్డుకు తెలియజేసి, వారానికి ఒక పూట ఒక్కో బడి పిల్లలు అక్కడికి వెళ్లే ఏర్పాటు చేసుకోవచ్చు. వక్ఫ్ భూముల రక్షణ కోసం పనిచేస్తున్న కార్యకర్తలకు ఇందులో మరో ప్రయోజనం కూడా ఉంది. ఖాళీగా పడివున్న నేల మీదే కబ్జాదారుడి కన్ను పడుతుంది. కంచె, చెట్లు, వారం వారం వచ్చే పిల్లలు ఉన్న నేల మీద చేయి వేయడం అంత తేలిక కాదు.

అభ్యంతరాలకు జవాబు

నీళ్లు ఎక్కడివి అని మొదట అడుగుతారు. ప్రతి మసీదులోనూ రోజుకు అయిదు పూటలా వుజూ నీరు కాలువలోకి పోతోంది. సబ్బు కలవని ఆ నీటిని చిన్న కాలువ తీసి చెట్ల పాదులకు మళ్లించవచ్చు. పచ్చిగా తినే ఆకుకూరలకు వాడకుండా వేప, కానుగ, దానిమ్మ, గోరింట, మునగ వంటి వాటికి వాడితే చాలు. నీటి దుబారాను మన ధర్మమూ అంగీకరించదు.

పురుగూ పుట్రా భయం రెండోది. చుట్టూ శుభ్రంగా ఉంచి, పొదలను కత్తిరిస్తూ, పెద్దలు తోడుంటే ఆ భయం తగ్గుతుంది. గన్నేరు వంటి విషపు మొక్కలను బడిలో పెట్టకూడదు. మట్టి పని తర్వాత చేతులు కడుక్కోవడం కూడా పాఠంలో భాగమే.

సిలబస్ పూర్తి కాదన్నది మూడోది. తోటను అదనపు సబ్జెక్టుగా చూసినప్పుడే ఈ ఇబ్బంది. మడి చుట్టుకొలత గణిత పాఠం, మొలక పరిశీలన సైన్సు పాఠం, చూసినదాన్ని ఉర్దూలోనో తెలుగులోనో పది వాక్యాలు రాయడం భాషా పాఠం. వారానికి రెండు పీరియడ్లు అక్కడ జరిగితే సిలబస్ ముందుకే నడుస్తుంది.

నాలుగోది మేము లేవనెత్తే అభ్యంతరం. తోట పేరుతో పిల్లలతో ఊడిపించడం, నీళ్లు మోయించడం, అధికారి వచ్చే రోజున గడ్డి పీకించడం మన దేశంలో కొత్త కాదు. ఆ పని దళిత పిల్లల మీద, పేద ముస్లిం పిల్లల మీద, ఆడపిల్లల మీద ముందుగా పడుతుంది. చేతిపని ద్వారా వచ్చే ఆదాయం మీద దృష్టి పెరిగితే చదువు లక్ష్యం దెబ్బతింటుందని జాకిర్ హుస్సేన్ కమిటీ నివేదిక ఆనాడే హెచ్చరించింది. కాబట్టి తోటలో ప్రతి పనికీ ఒక ప్రశ్న జతగా ఉండాలి. బరువు పనులు పెద్దలు చేయాలి. తరగతి మొత్తం వంతులవారీగా పాల్గొనాలి. శిక్షగా తోట పని చెప్పే ఉపాధ్యాయుణ్ణి తల్లిదండ్రులు నిలదీయాలి.

మా ప్రతిపాదనలు

ప్రభుత్వాలను మేము కోరేవి మూడు. మైనారిటీ గురుకులాలకు సొంత భవనాలు కట్టే ప్రతి ప్రణాళికలో సిమెంటు వేయని నేలను విడిగా గుర్తించాలి. అప్పటివరకు అద్దె భవనం ఎంపికలో ఖాళీ స్థలాన్ని తప్పనిసరి నిబంధన చేయాలి. మైనారిటీలు అధికంగా ఉన్న ప్రాంతాల కోసం ఉద్దేశించిన ప్రధానమంత్రి జన్ వికాస్ కార్యక్రమం కింద పంపే ప్రతిపాదనల్లో గదులతో పాటు ఆవరణ అభివృద్ధినీ చేర్చాలి. ఉర్దూ బడుల ఎకో క్లబ్బులకు కరపత్రాలు, శిక్షణ ఉర్దూలోనే అందించాలి.

తల్లిదండ్రుల చేతిలో ఉన్న అధికారం కూడా తక్కువ కాదు. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. సగం మంది మహిళలు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళికను రాసేది ఆ కమిటీయే. తెలంగాణలో 2024 నుంచి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా ఉన్నాయి. ఈ కమిటీల సమావేశాలకు మన తల్లులు వెళ్లాలి, సంతకం పెట్టి రావడంతో ఆగకూడదు. బడి తోటకు స్థలం, నీరు, వారానికి రెండు పీరియడ్లు అన్న మూడు మాటలను తీర్మానంలో రాయించాలి. ప్రైవేటు బడి అయితే ఫీజు కట్టే రోజున నలుగురు తల్లిదండ్రులు కలిసి యాజమాన్యాన్ని ఇదే అడగాలి.

కార్యకర్తలకు మా సూచన ఒకటే. మీ పట్టణంలోని ప్రభుత్వ ఉర్దూ బడుల్లో, మైనారిటీ గురుకులాల్లో, మన సంస్థలు నడిపే బడుల్లో ఎన్నింటికి ఆటస్థలం ఉందో, ఎన్నింటిలో మట్టి నేల మిగిలిందో ఒక జాబితా తయారుచేయండి. ప్రభుత్వ బడుల వివరాలు సమాచార హక్కు దరఖాస్తుతో దొరుకుతాయి. మిగిలినవి నడిచి వెళ్లి చూస్తే తెలుస్తాయి. లెక్క చేతిలో ఉన్నప్పుడే కలెక్టరు ముందైనా, మన కమిటీల ముందైనా మాట నిలుస్తుంది.

జూన్‌లో బడులు తెరుస్తారు. అదే సమయానికి తొలకరి వస్తుంది. మొక్క నాటుకోవడానికి అంతకు మించిన అదును ఉండదు. కావలసిన స్థలం వెతకడానికి, అనుమతులు రాయించుకోవడానికి వేసవి నెలలు సరిపోతాయి. ఆ ఏర్పాటు ఇప్పుడే మొదలుపెడితే, వచ్చే విద్యాసంవత్సరంలో మన పిల్లలు కరివేపాకు చెట్టు కింద కూర్చొని గొంగళిపురుగును చూస్తూ అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పవలసిన పని మనకు పడుతుంది. ఆ పని కోసం మనం సిద్ధం కావాలి.